మనోరమ పప్పు సంచులు

షరీఫా మిషను మీద ఎన్నో రకాలు కుట్టింది. పెళ్లికూతుళ్ల జాకెట్లు, బడిపిల్లల లంగాలు, దిండు గలేబులు, ఒకసారి ఎవరో ముసలాయన చేతికర్రకు గుడ్డ తొడుగు కూడా. కానీ ఆ మధ్యాహ్నం మనోరమ అడిగినటువంటిది మాత్రం ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు.

తాండూరులో రైలు పట్టాలకు అవతలి గల్లీలో షరీఫా ఇల్లు. ముందు గదే దుకాణం. మగవాళ్లు లోపలికి రారు కాబట్టి ఆడవాళ్లు అక్కడ నోరు విప్పి మాట్లాడుకునేవారు. మనోరమ పెళ్లికి ముందు నుంచీ ఆ గదికి వస్తోంది. వచ్చి మూలకు కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తుండేదే తప్ప, అందరూ వెళ్లేదాకా తన పనేమిటో చెప్పేది కాదు. ఆ రోజూ అట్లాగే ఆగింది. చివరి మనిషి గడప దాటాక లేచి తలుపు దగ్గరికి వేసింది.

"షరీఫక్కా, చిన్న సంచులు కుట్టియ్యాలె. గుండ్రంగ, అరచేయంత. కోరా గుడ్డతోని."

"సంచులా? ఏం పోస్తవ్ అండ్ల?"

"కందిపప్పు."

"పప్పుకు డబ్బాలు లేవా మీ ఇంట్ల?" షరీఫా చక్రం మీద చెయ్యి తీయలేదు. "దేనికో చెప్పు. చెప్పకుంటే కుట్ట."

మనోరమ చెప్పింది. తల వంచుకుని, మిషను కింద పడ్డ దారం ముక్కలను కాలి వేలితో ఒక దగ్గరికి చేరుస్తూ, మాట మాటకూ ఆగుతూ చెప్పింది. షరీఫా చెయ్యి చక్రం మీదే ఆగిపోయింది.

"ఆపరేషన్ చేసి ఛాతీ లోపల పెడతరా? ఏం పెడతరు?"

"అవి కూడ సంచులేనట. మెత్తటివి. లోపల చిక్కటి గంజి లెక్క ఉంటదట."

"యా అల్లా," అంది షరీఫా మెల్లగా. "అంటే నేను బయట కుడుత, ఆ డాక్టర్ సాబ్ లోపల కుడతడు. ఇద్దరం ఒక్క పనోళ్లమే." కాసేపు మనోరమను పైనుంచి కింది దాకా చూసింది. "నీకు నేను ఎన్నోసార్లు చెప్పిన గదనే. బాడీల దూది ఇంకా గట్టిగ పెట్టి కుడత అన్న. ఎవ్వరికీ తెల్వది."

"తెలిసింది గదక్కా," అంది మనోరమ.

షరీఫా కోరా గుడ్డ కోసం పెట్టె తెరిచింది.

మనోరమకు అప్పుడు ఇరవై మూడేళ్లు. ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలం అది. పొడవాటి కాళ్లు, పొడవాటి చేతులు, పొట్ట మీద ఎక్కడా పట్టుకుందామన్నా కొవ్వు దొరకని ఒళ్లు. ఎనిమిదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే, తండ్రి పాండురంగానికి వండిపెట్టడానికి బడి మానేసింది. పాండురంగం పప్పు మిల్లులో తూకం వేసే మనిషి. ఆ ఇంట్లో ఉప్పు కూడా తరాజులో పడకుండా డబ్బాలోకి పోయేది కాదు.

బడి పోయినా ఆట పోలేదు. వికారాబాద్ ఆడపిల్లల బడిలో ఆటలు నేర్పే రాధమ్మ టీచరు ఆమెను వదల్లేదు. "చదువు ఆగితే ఆగింది, కాళ్లు ఆగినయా?" అని కబురు పెట్టింది. ఆదివారం ఆదివారం ప్యాసింజరు బండి ఎక్కి మనోరమ వికారాబాద్ పోయి తాలూకా జట్టుతో కబడ్డీ ఆడేది. నలుగురిలో నోరు పెగలని పిల్ల, గీత దాటి కూతకు పోయిందంటే అవతలి జట్టు వెనక్కి జరిగేది. ఆమె చెయ్యి ఎక్కడిదాకా సాగుతుందో ఎవరూ అంచనా వేయలేకపోయేవారు. బాల్‌రాజ్ ఆమెను మొదట చూసింది కూడా ఆ మైదానంలోనే. అతను కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో మెకానిక్కు. ఆమెను పెళ్లి చేసుకున్నాక కూడా ఆడమన్నాడు.

అంతా బాగానే ఉండేది, మోమిన్‌పేట్‌లో పోటీలు జరగకపోతే. ఆ రోజు మనోరమ వరసగా కూతకు పోయి అవతలి జట్టును ఖాళీ చేసింది. రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి వచ్చిన జట్టు అది. వాళ్ల పెద్దమనిషి ఒకాయన ఆట ఆపించాడు. కన్నడంలో ఏదో అన్నాడు. జనంలో ఎవరో దాన్ని తెలుగులో గట్టిగా చెప్పారు. "మొగపిలగానికి జడేసి తెచ్చిండ్రంటుండు." నవ్వులు. రాధమ్మ టీచరు ఎంత కొట్లాడినా లాభం లేకపోయింది. ఇద్దరు ఆడవాళ్లు మనోరమను పక్కన ఉన్న గదిలోకి తీసుకుపోయి చూసి, బయటికి వచ్చి ఆడదే అని చెప్పారు. ఆట మళ్లీ మొదలైంది. మనోరమ ఆడింది, గెలిచింది కూడా. కానీ ఆ గదిలో ఒకామె మనోరమ బనియను పైకి లేపి, "అయ్యో, ఏం లేదు గదనే," అని జాలిగా అన్న మాట చెవిలో ఉండిపోయింది.

ఆ తర్వాతే దూది. షరీఫా ఎంతో నేర్పుగా కుట్టిన బాడీలో మెత్తలు పెట్టుకుని ఆడింది. ఒకసారి వికారాబాద్‌లో కూతకు పోయినప్పుడు నలుగురు మీద పడ్డారు. లేచి చూసేసరికి ఒక మెత్త మట్టిలో పడి ఉంది. అవతలి జట్టు అమ్మాయి ఒకతె దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, "అక్కా, నీదే గదా," అని మర్యాదగా చేతికిచ్చింది. ఆ మర్యాదే ఎక్కువ కాల్చింది. మనోరమ ఆ ఏడాది మళ్లీ మైదానానికి పోలేదు.

పడిపోనిది ఏదైనా ఉందా అన్న ఆలోచన అట్లా పట్టుకుంది. ఒకరోజు బండిలో ఎదురు సీటులో ఇద్దరు నర్సులు మాట్లాడుకుంటుంటే కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టే ఉండి అంతా విన్నది. హైదరాబాద్‌లో ఒక డాక్టరు కాలిన ఒళ్లను బాగుచేస్తాడట, బొంబాయిలో నేర్చుకొచ్చి ఇది కూడా చేస్తున్నాడట. దిగేముందు ఎంతో ధైర్యం చేసి ఆ నర్సింగ్‌హోమ్ ఎక్కడో అడిగింది.

బాల్‌రాజ్ ఆమె చెప్పిందంతా విన్నాడు. "నాకైతే ఏం తక్కువ అనిపించలే," అన్నాడు చివరికి. "నీకు అనిపిస్తే నేను కాదంటే పోతదా? డాక్టర్‌ను అడుగుదాం. ఆట పోతదంటే మాత్రం వద్దు."

డాక్టరు నెమ్మదైన మనిషి. నర్సును పక్కన ఉంచుకుని, టేపుతో ఛాతీ అడ్డంగా కొలిచి, చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూశాడు. "నీది సన్నటి ఒళ్లమ్మా. కండ ఉంది, కొవ్వు లేదు. చర్మం కిందే పెడితే సబ్బుబిళ్ల అంచు తెలిసినట్టు తెలుస్తుంది. కండ కింద పెట్టాలి. పెద్దది పెడితే అక్కడా దాగదు." ఆట గురించి బాల్‌రాజ్ అడిగాడు. కొన్ని నెలలు ఆగాలన్నాడు. తర్వాత ఆడవచ్చు గానీ చెయ్యి మునుపటిలా పూర్తిగా సాగకపోవచ్చన్నాడు. కొందరికి లోపల చుట్టూ గట్టిపడుతుందని, అట్లా అయితే మళ్లీ తెరవాల్సి రావచ్చని కూడా దాచకుండా చెప్పాడు. "సైజు నువ్వే తేల్చుకో. నూటయాభై నుంచి రెండువందల యాభై సీసీ దాకా ఉన్నాయి. ఇంట్లో చిన్న సంచుల్లో బియ్యమో పప్పో పోసి లోపల పెట్టుకుని, రోజూ చేసే పనులన్నీ చేసి చూడు. ఏది నీ ఒంటికి ఒప్పుతుందో అప్పుడు చెప్పు."

మనోరమ తల ఊపింది. తిరుగు బండిలో ఆ అంకెలనే మననం చేసుకుంటూ వచ్చింది. సీసీ అంటే ఏమిటని అడగాలని ఆమెకు తోచలేదు. పాండురంగం బిడ్డకు నూటయాభై అంటే ఏమిటో ఒకరు చెప్పాలా?

షరీఫా కుట్టిన మూడు జతల సంచులు పట్టుకుని పుట్టింటికి పోయింది. తండ్రి మిల్లుకు పోయిన సమయంలో తరాజు దించి, ఒక పళ్లెంలో తూకం బాట్లు పెట్టి, రెండో పళ్లెంలో కందిపప్పు పోసి, ముల్లు నిలబడేదాకా గింజ గింజ తీసి పెట్టి తూచింది. నూటయాభై గ్రాముల జత, రెండు వందల జత, రెండువందల యాభై జత. మూతులు కుట్టి, కొంగులో కట్టుకుని ఇంటికి వచ్చింది.

పెద్ద జత ఒక్క పూట కూడా ఉంచుకోలేకపోయింది. అద్దంలో చూసుకుంటే తన మెడ కింద ఎవరో వేరే మనిషి ఒళ్లు అతికించినట్టుంది. షరీఫా చూసి, "దుకాణంల నిలబెట్టే బొమ్మలెక్క ఉన్నవే. పడమటి గాలి వస్తే ముందుకు పడతవ్," అంది. రెండు వందల జత పరవాలేదు గానీ, తెల్లవారకముందే క్వారీ తోవన పరుగెత్తినప్పుడు అటూ ఇటూ ఊగి ఆమె ఊపిరినే తప్పించాయి. నూటయాభై జత పెట్టుకున్న రోజు మాత్రం మనోరమ అద్దం ముందు చాలాసేపు నిలబడింది. చీర కొంగు సర్దింది, తీసింది, మళ్లీ సర్దింది. తనలాగే ఉంది. తనకు ఇట్లా ఉండవలసింది అనిపించింది. అట్లా అనిపించినందుకు ఆమెకు భయం కూడా వేసింది, ఎందుకంటే ఇప్పుడిక వెనక్కి పోవడం కష్టం.

చిక్కంతా అత్తగారు భాగమ్మతో వచ్చింది. ఆ ఇంట్లో రెండు గదులు, ఆరు కళ్లు. వాటిలో భాగమ్మ కళ్లే చురుకైనవి. కోడలి ఛాతీ ఒకరోజు ఉండడం, ఒకరోజు లేకపోవడం ఆమె గమనించింది. దానికితోడు పరుగెత్తినప్పుడల్లా చెమటకు పప్పు నానిపోయేది.

"ఎక్కడనో పప్పు నానిన వాసనొస్తుంది," అంది భాగమ్మ వంటింట్లో గిన్నెల మూతలు తీసి చూస్తూ. "గారెలకు నానబోసినవా బిడ్డా?"

"లేదత్తమ్మా."

"మరి నీ దగ్గర్నుంచే వస్తుందేంది?" దగ్గరికి వచ్చింది. కోడలిని చూసింది. మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. గొంతు తగ్గించి, "నెల తప్పిందా?" అని అడిగింది.

కాదంటే ఎందుకని అడుగుతుంది, అవునంటే అంతకంటే ఘోరం. మనోరమ నోటికి వచ్చింది అనేసింది. "గడ్డ అత్తమ్మా. ఛాతీల గడ్డ లేసింది. వాపు వస్తది, పోతది. హైదరాబాద్‌ల చూపించుకున్నం. ఆపరేషన్ చేసి తీస్తరట."

భాగమ్మ మొహంలో వెలుగు ఎట్లా వచ్చిందో అట్లాగే పోయింది. అక్కడే నేల మీద కూర్చుంది. ఆమె చెల్లెలు కాశమ్మ అట్లాంటి గడ్డతోనే చనిపోయిందని మనోరమకు అప్పుడు గుర్తుకొచ్చింది. కానీ మాట బయటపడిపోయింది. ఆ వారమంతా భాగమ్మ కోడలిచేత బిందె ఎత్తనివ్వలేదు. అనంతగిరి పద్మనాభస్వామికి మొక్కుకుంది. మనోరమ మంచం మీద కూర్చుని, అత్త నీళ్లు మోస్తుంటే చూస్తూ, చెబుదామా అని నోరు తెరిచి మూసేది. బాల్‌రాజ్ ఇద్దరి మధ్యా తల దించుకుని అన్నం తినేవాడు.

"చెప్పేద్దాం," అన్నాడు ఒకరోజు.

"అయినంక చెబుత," అంది మనోరమ. "ఇప్పుడు చెబితే పోనియ్యదు. పోనియ్యకుంటే నేను మళ్ల గీత దాటలేను."

అంతకు ముందు ఆమె అతనితో అంత పొడుగు మాట మాట్లాడి ఎరగదు. ఖర్చు సంగతి అతనే చూసుకున్నాడు, ఆ ఊసు ఆమెను ఎత్తనివ్వలేదు.

నర్సింగ్‌హోమ్‌లో చేరిన సాయంత్రం డాక్టరు వచ్చాడు. "తేల్చుకున్నావా అమ్మా?"

"నూటయాభై," అంది మనోరమ. ఆ మాట అప్పటికి ఎన్నిసార్లు అనుకుందో.

"మంచిది. సన్నటి ఒంటికి అతి చేయకపోవడమే మేలు," అని నర్సు చేత ఒక డబ్బా తెప్పించి, లోపలి వస్తువును ఆమె చేతిలో పెట్టాడు. "రేపు ఇదే పెడతాం. చూసుకో."

అది చల్లగా, జారుతూ, నీళ్లలో నానిన సగ్గుబియ్యపు ముద్దలా ఉంది. చేతిలో బరువు ఆమెకు తెలిసిన బరువే. కానీ చూపుకు అది కాదు. తను ఇన్నాళ్లు గుండెకు కట్టుకుని తిరిగినది దీనికంటే పెద్దది. దీన్ని జాకెట్టు మీద ఆనించుకుని చూసింది. అరచేతిలో ఒదిగిపోయింది. ఇంత ఆపరేషన్, ఇంత అబద్ధం, అత్త మోసిన బిందెలు, చెయ్యి సాగకపోవచ్చన్న భయం, అన్నీ ఈ చిన్నదానికా? లేక డబ్బా మారిందా? మారి ఉంటే రేపు మత్తులో ఉన్నప్పుడు ఎవరికి తెలుస్తుంది?

నర్సు వస్తువు తీసుకుని డబ్బాలో పెట్టింది. డాక్టరు గుమ్మం దాకా పోయాడు. మనోరమ బాల్‌రాజ్ వైపు చూసింది. ఎప్పుడూ ఆమె బదులు మాట్లాడేది అతనే. కానీ అతను ఆ సంచులు పెట్టుకుని అద్దం ముందు నిలబడలేదు, అతనికి ఏం తెలుసు?

"డాక్టర్ గారూ," అంది. డాక్టరుకు వినిపించలేదు. మళ్లీ అంది. "డాక్టర్ గారూ, గా డబ్బాలది నాది కాదు."

డాక్టరు వెనక్కి తిరిగాడు.

మనోరమ సంచిలోంచి చీరల మడత తీసి, దాని మధ్యలోంచి నూటయాభై జతలో ఒకటి బయటికి తీసింది. సిగ్గుతో చెవులు వేడెక్కిపోతున్నాయి. నర్సు అటు తిరిగి నవ్వు ఆపుకోవడం కనబడింది. "నేను తూచింది గిది. నూటయాభై. మీది చూస్తే గింత లేదు."

"తూచావా?" అన్నాడు డాక్టరు. సంచిని అరచేతిలో ఎగరేసి చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి. "దేంతో తూచావమ్మా?"

"తరాజుతోని. మా నాయన మిల్లుల తూకమేస్తడు. గింజ కూడ తేడా లేదు."

"తేడా లేదు, నిజమే. కానీ నేను చెప్పింది బరువు కాదమ్మా. మందు సీసాల మీద గీతలుంటాయి చూడు, ఆ లెక్క. గ్లాసుతో కొలిచేది." తప్పు తనదీ ఉందన్నట్టు తల తడుముకున్నాడు. "విడమరిచి చెప్పవలసింది నేను. అందరికీ తెలుసనుకుంటాం."

నర్సు గీతలున్న గాజు గ్లాసు తెచ్చింది. మనోరమ పళ్లతో కుట్టు తెంపి పప్పు పోసింది. నూటయాభై గీత దాటింది. నూటఎనభై దాటి ఆగింది. గింజల మధ్య సందులు ఉంటాయి కాబట్టి పప్పు బరువు కంటే ఎక్కువ జాగా పట్టిందని డాక్టరు చెప్పాడు. అంటే పరుగెత్తి చూసిన బరువు సరిగ్గానే ఉంది. అద్దంలో చూసిన ఆకారమే వేరు.

"మరి రెండు వందలది పెడతరా?" అన్నాడు బాల్‌రాజ్.

"అది వద్దు," అంది మనోరమ వెంటనే. "గా బరువు ఊగింది. ఊపిరి నిలవదు."

డాక్టరు మళ్లీ టేపు తీశాడు. ఛాతీ వెడల్పు కొలిచి, రెండు వందలది అడ్డంగా పెట్టి చూపించాడు. అంచు చంక వైపుకు జరిగింది. కండ సన్నం కాబట్టి చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆ అంచు పైకి తేలుతుందన్నాడు. నూటయాభైకీ దానికీ మధ్యలో నూటడెబ్బై అయిదు ఒకటుంది. దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"తొందర లేదు. కావాలంటే ఇంటికి పోయి గ్లాసుతో కొలిచి మళ్లీ చూసుకుని రా. రేపే చేయాలని లేదు."

మనోరమ దాన్ని పట్టుకుని కూర్చుంది. ఇంటికి పోతే భాగమ్మ ఎదురొస్తుంది. గడ్డ తీయలేదా అని అడుగుతుంది. మళ్లీ నీళ్లు మోస్తుంది. కానీ దాని కోసం ఒళ్లు కోయించుకుంటానా? ఆ ప్రశ్నను తిప్పి తిప్పి చూసింది. లేదు. అత్త లేకపోయినా, మోమిన్‌పేట్ గదిలో ఆ ఆడవాళ్లు లేకపోయినా, అద్దంలో కనిపించిన ఆ మనిషి తనకు కావాలి. దొరికేది ఆ మనిషి కంటే ఒక పిసరు తక్కువ. కొంగు సర్దితే ఆ తేడా ఎవరికి తెలుస్తుంది? తనకు తెలుస్తుంది. తనకు చాలు.

"గిదే పెట్టుండ్రి," అంది. "డబ్బా మీద రాసింది మా ఆయనకు ఒకసారి చూపియ్యుండ్రి."

డాక్టరు నవ్వాడు. నర్సు డబ్బా మీది అంకెను బాల్‌రాజ్‌కు చూపించింది. అతను దాన్ని ఫ్యాక్టరీలో మరకు నంబరు సరిచూసినట్టు రెండుసార్లు చదివాడు.

ఇంటికి వచ్చాక మొదటి రోజులన్నీ నొప్పితోనే గడిచాయి. ఛాతీ మీద ఎవరో బండరాయి పెట్టి కూర్చున్నట్టుండేది. కట్లు విప్పిన తర్వాత భాగమ్మే వీపు రుద్ది స్నానం చేయించింది. వద్దంటే వినలేదు. చెంబు పోయబోయి ఆగింది. ముందుకు వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

"గడ్డ తీసిండ్రా, పెట్టిండ్రా బిడ్డా?"

మనోరమ కళ్లు మూసుకుంది. తర్వాత అంతా చెప్పింది, మోమిన్‌పేట్ గది నుంచి మొదలుపెట్టి. భాగమ్మ చెంబు పట్టుకునే నిలబడి విన్నది. నీళ్లు చల్లారిపోయాయి.

"మా కాశమ్మ యాదికొచ్చి అన్నం సయించలే నాకు," అంది చివరికి. గొంతు గట్టిగానే ఉంది. "గా సంగతి తెలుసా నీకు?"

"తెలుసత్తమ్మా."

"తెలిసి కూడ ఊకున్నవ్."

"ఊకున్న."

భాగమ్మ మిగిలిన నీళ్లు పోసింది. తుండుగుడ్డ ఇచ్చింది. కొన్ని రోజులు కోడలితో సరిగా మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున బాల్‌రాజ్‌ను పిలిచి, "గడ్డ పోవాలని మొక్కిన. లేని గడ్డకు మొక్కు తీర్చాల్నా వద్దా, పూజారిని నువ్వే అడుగు. నాకు సిగ్గు," అంది. అతను అడగలేదు. ముగ్గురూ అనంతగిరి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చారు.

షరీఫా మాత్రం కొత్త కొలతలు తీసుకుంటూ తెగ సంబరపడింది. "ఇన్నేళ్లకు నీ జాకెట్టుకు నా కత్తెర పని పడింది. ఆ డాక్టర్ సాబ్ చెయ్యి మంచిదే. రెండూ ఒక్క తీరుగ కుట్టిండు. నేనే అప్పుడప్పుడు ఒక భుజం వంకర చేస్త."

మనోరమకు సంబరం ఆలస్యంగా వచ్చింది, వచ్చినా పక్కనే భయం కూర్చునేది. రోజూ స్నానంలో వేళ్లతో నొక్కి చూసుకునేది. కుడివైపు ఎడమ కంటే కొంచెం గట్టిగా ఉందా? నిన్న ఇట్లాగే ఉందా? చెయ్యి పైకెత్తి గోడకు ఆనించి, ఎంతదాకా పోతోందో చూసుకునేది. డాక్టరు చెప్పినట్టే అయింది. వేళ్లు మునుపు తాకిన చోటును తాకడం లేదు. దుఃఖం వచ్చేది. అంతలోనే జాకెట్టు హుక్కులు పెట్టుకుంటూ అద్దంలో చూసుకుంటే దుఃఖం ఎటు పోయేదో తెలిసేది కాదు.

డాక్టరు ఆడవచ్చన్నాక వికారాబాద్ మైదానానికి పోయింది. రాధమ్మ టీచరు చూపు ఆమె ఛాతీ దగ్గర ఒక్క క్షణం ఆగి, మొహం మీదికి వచ్చింది.

"చెయ్యి సాగుతలేదు టీచర్," అంది మనోరమ. "కూతకు పనికొస్తనో రానో."

"కాలున్నది గద. కాలుతోని తాకుడు నేర్చుకో."

అది ఆమెకు కొత్త విద్య. చేత్తో తాకే మనిషి ముందుకు వంగుతుంది. కాలుతో తాకే మనిషి వెనక్కి వాలి, ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలును పాము విసిరినట్టు విసరాలి. చాలాసార్లు చతికిలబడింది. జట్టు పిల్లలు నవ్వారు. "అక్కకు కాళ్లు పొడుగైనయి, బ్రేకులు లేవు," అందొకతె. ఆ నవ్వు వేరు. దానికి ఆమె కూడా నవ్వగలిగింది.

వానలు వెలిసిన తర్వాత ఒక ఆదివారం, సొంత జట్టులోనే రెండు పక్షాలు చేసుకుని ఆడుతుండగా కూతకు పోయింది. మూలన ఉన్న పిల్లను కాలితో తాకింది. వెనక్కి తిరిగేలోగా ఇంకొకతె నడుము పట్టింది. మిగిలినవాళ్లు వచ్చి మీద పడ్డారు. మనోరమ బోర్లా పడింది. ఛాతీ నేలకు కొట్టుకుంది. పైన అంతమంది బరువు. ముందు గీత కనబడుతోంది, కొంచెం దూరంలో. కూత ఆపకుండా, గుప్పెట విప్పి చెయ్యి చాపింది. చంక కింద సర్రున లాగింది. అయినా చాపింది. మోచేతుల మీద పాకింది. వేళ్లకూ గీతకూ మధ్య బెత్తెడు మట్టి ఉండగా కూత తెగిపోయింది.

"అవుట్ అక్కా," అన్నారు పిల్లలు, ఒక్కొక్కరే మీదినుంచి లేస్తూ.

లేచి బనియను దులుపుకుంటూ బయటికి నడిచింది. కూత ఇంకొక్క పిసరు సాగి ఉంటే అందేది, కాలు విసిరినప్పుడే అటు తిరిగి ఉంటే అందేది అనుకుంటూ పోయి గట్టు మీద కూర్చుంది. నీళ్లు తాగింది. అప్పుడు గానీ గుర్తుకు రాలేదు, తను దేని మీద పడిందో. కింద పడ్డప్పుడు ఆ ఊసే మనసులోకి రాలేదు.

గుర్తుకు రాగానే లేచి బడి వెనక్కి పోయి, గోడకు తిరిగి, బనియను లోపల చెయ్యి పెట్టి చూసుకుంది. రెండూ ఉన్నాయి, ఉన్నచోటే ఉన్నాయి. కుడివైపు కొంచెం వెచ్చగా అనిపించింది. అది దెబ్బ వల్లనో, ఎండ వల్లనో తెలియలేదు. రేపు స్నానంలో మళ్లీ చూసుకోవాలి అనుకుంది.

మైదానంలోంచి రాధమ్మ టీచరు పిలుస్తోంది, ఇంకో కూతకు ఆమె వంతు వచ్చిందని. మనోరమ బనియను కిందికి లాక్కుని, జడను చుట్టి ముడేసుకుని పరుగెత్తింది.